మొదట్నుంచి అయితేనే

జూన్ పదకొండో తేదీ వంటాయనకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం జైల్లో రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు పెట్టారు. ఖైదీలందరూ తింటుండగా సూపరింటెండెంటు వచ్చి, వాచకంలో ఒక పేజీ చదివి చూపిస్తే ఇంటివాళ్లతో ములాఖాత్ సమయం రెట్టింపు చేస్తానన్నాడు. వంటాయనకు గుడ్డు గొంతుకు అడ్డం పడింది.

అతని ములాఖాత్ ఎప్పుడూ భార్య చెప్పే ఇంటి కష్టాలకే సరిపోయేది. బడికెళ్లే కూతురు నోరు తెరిచేసరికి గంట కొట్టేవారు.

అక్షరం ముక్క రాకపోతేనేం? తన గదిలోనే ఉండే మరో ఖైదీ, ప్లంబరును బతిమాలి, ఆ పేజీ రోజూ చదివించుకున్నాడు. జైలు వంటింట్లో గంజి కలుపుతూ వల్లె వేశాడు. పరీక్షనాడు పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెప్పాడు. జైల్లో చదువు చెప్పే టీచరమ్మ ముచ్చటపడి, పేజీ మధ్యలో వేలు పెట్టింది.

“మళ్లీ ఇక్కణ్ణుంచి చదవండి.”

వంటాయన పుస్తకం మూసేశాడు. “మొదట్నుంచి అయితేనే వస్తుందమ్మా. నా బండి తోస్తేగానీ స్టార్టవ్వదు.”

గదంతా గొల్లుమంది. “ఎంత మోసం!” అన్నాడు ప్లంబరు, ఏమీ ఎరగనట్టు.

టీచరమ్మ కూడా నవ్వింది గానీ పాస్ చెయ్యలేదు. “శనివారం మళ్లీ రండి. పాఠం నోటికొచ్చేసింది, సగం పనైనట్టే. ఇక నోరెక్కడుంటే వేలక్కడుండాలి.”

ఆ వారమంతా నోరు పరుగెత్తింది, వేలు వెనకబడింది. తర్వాత్తర్వాత వేలికోసం నోరే ఆగడం నేర్చుకుంది. ‘వాన’లో చూసిన ‘న’ ‘మేనత్త’లోనూ కనబడేసరికి, రైల్లో చుట్టం తగిలినంత సంబరపడ్డాడు.

శనివారం మధ్యలోంచే చదివాడు, చెమటలు కక్కుకుంటూ.

ఆదివారం భార్య కష్టాలన్నీ అయిపోయినా గంట కొట్టలేదు. ఆవిడే ఆశ్చర్యపోయింది. వంటాయన తన బండి సంగతి చెబితే కూతురు పగలబడి నవ్వింది.

“అయితే ఇది మధ్యలోంచి చదువు నాన్నా!” అని తన కథల పుస్తకం తెరిచి మధ్యనున్న ఇనప జాలీకి ఆనించింది.

“నక్క... బావిలోకి... తొంగి చూసి...”

గంట కొట్టారు.

“చూసి? ఏం చేసిందే తల్లీ?”

“చెప్పనుగా! నువ్వే చదివి వచ్చేసారి నాకు చెప్పు.”

గార్డు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, వంటాయన చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం గదులకు తాళాలు వేస్తూ వచ్చిన గార్డుకు, గోడవారగా కూర్చుని పేజీ మీద వేలు నడిపిస్తున్న వంటాయన కనబడ్డాడు. రోజూ తలుపు ధడాలున మూసే మనిషి, ఈసారి గడియను అరచేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వేశాడు.