కంచం మీద దరువు

తెల్లారగానే పజుండౌంగ్ పేటలో బస్సెక్కడం, ఊరి చివర మింగళాడోన్‌లో దిగి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ ముందు కూర్చోవడం, చీకటి పడ్డాక నడుం పట్టుకుని ఇంటికి రావడం. ఏళ్ళ తరబడి జయంతి బతుకు ఇదే. మొన్న వానల్లో ఆ బస్సు కాస్తా బోల్తాపడింది. చేతికి తగిలిన దెబ్బ మానింది, భయం మానలేదు. వీధిలో ఎక్కడ బ్రేకు కీచుమన్నా మంచం కిందకి దూరిపోతోంది పిచ్చిది. నెలాఖరుకి పనిలోకి రాకపోతే ఆ మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ఇంట్లో ఉన్నది తనూ, అత్త అప్పలమ్మా. సంపాదించేది తనొక్కతే.

కబురు తెచ్చిన పక్కింటి పద్మిని కూడా అక్కడే పనిచేస్తుంది. చంకలో ఒక నీలం కోటు పెట్టుకుని వచ్చింది.

అమెరికాలో పాతకాలపు యుద్ధాల వేషాలు కట్టే సరదారాయుళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం ఆ దేశం తొలినాళ్ళ గుర్రపు దండు కోట్లు కుడుతుందా ఫ్యాక్టరీ. చేతులు అతికేసరికి కోట్లు కవాతు మొదలెడతాయి. కొత్త సిపాయిల కోట్లు కుడీ ఎడమా తెలియక ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఇస్త్రీవాళ్ళు విసుక్కుంటారు, అంతే. పద్మిని తెచ్చింది మాత్రం గుర్రాలకి తర్ఫీదిచ్చేవాడి కోటు.

జయంతి అన్నానికి కూర్చోగానే కోటు ఎదురుగా చతికిలబడి, చేతి అంచు ఇత్తడి బొత్తాలతో కంచం మీద టంగుటంగున దరువేసింది. జయంతి ఉలిక్కిపడింది.

"ఇదేటే పద్మినీ, అన్నం తిన్నివ్వకండా కంచం వాయిస్తంది?" అంది అప్పలమ్మ.

"మేతేసినప్పుడే గుర్రాల కాడ డప్పు కొట్టీవోరంట పిన్నీ. తుపాకీలకి బెదరకండా ఉంటాయని."

"అంటే నా కోడలు గుర్రమేటి?" అని మండిపడుతూనే అప్పలమ్మ ఇంకాస్త కూర వడ్డించింది. "తినే అమ్మీ."

రోజూ అదే తంతు. కంచం గుమ్మంలోకి జరిగింది, ఆ పైన వీధిలోకి, ఆఖరికి బస్టాపు పక్క చేపపులుసులో సేమ్యా వేసిచ్చే మొహింగా బండి దగ్గరికి. ఆ పులుసు జుర్రుకుంటూ జయంతి దరువు వినేది. బస్సు వచ్చే లోపే లేచి వచ్చేసేది.

గడువు రోజు రానే వచ్చింది. కోటు అప్పటికే పెట్టెలో సర్దుకుని అమెరికా ఓడెక్కడానికి వెళ్ళిపోయింది.

"నా వల్ల కాదత్తా."

అప్పలమ్మ ఒక చేత్తో టిఫిన్ డబ్బా అందుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని బస్టాపుకి నడిపించింది. 

బస్సు వచ్చింది. చెవులు చిల్లులు పడేలా బ్రేకు కీచుమంది. అప్పలమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది.

"అత్తా," అంది జయంతి, "ఆకలేస్తంది."

అత్త చేతిలో టిఫిన్ డబ్బా లాక్కుని బస్సెక్కేసింది.