బుర్హానుద్దీన్ టీవీ, తిరుమల్ టవర్

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిన రోజు తిరుమల్ మిఠాయి పంచాడు. బతకడానికి వచ్చిన ఈ ఎడారి దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో అతనుండే విల్లాలో వాటాకో కుటుంబం. అందరూ తిన్నారు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత డాబా మీద అల్యూమినియం స్తంభం లేచి, కొసన యాంటెన్నా నిలబడి, నాలుగు వైపులా తీగలు బిగిసేసరికి మాత్రం అందరికీ ప్రశ్నలు పుట్టాయి.

తిరుమల్‌ది జగిత్యాల పక్క పల్లె. ఇక్కడొక కంపెనీలో ఎలక్ట్రీషియన్. ఏ ఫిన్లాండులోనో తనలాంటి రేడియో పిచ్చివాడొకడు గాలిలోంచి పలికితే అతనికి కడుపు నిండిపోయేది. ఇంతా చేసి వాళ్ళు చెప్పుకునేది ఇదీ: నీ గొంతు బాగా వినిపిస్తోంది, మా దగ్గర మంచు, మా దగ్గర ఎండ.

"ఇది జెప్పుకునేతందుకు గింత స్తంభమా?" అనేది భార్య మమత.

ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయని శుక్రవారం శుక్రవారం డాబా ఎక్కి, తుడిచి, బిగించి వచ్చేవాడు. ఒకసారి చూస్తే స్తంభానికి ఎవరిదో టీవీ డిష్ కట్టి ఉంది. ఆ డాబా మీద ఎవరి డిష్ ఏదో దేవుడికే తెలియాలి. పోనీలే, ఇరుగుపొరుగు కదా అని ఊరుకున్నాడు.

గాలులు మొదలైన వారం కింది వాటా బుర్హానుద్దీన్ మెట్లెక్కి వచ్చాడు. కర్నూలు మనిషి. మోకాళ్ళ నొప్పులు, క్రికెట్ పిచ్చి.

"ఏమప్పా తిరుమలూ, నువ్వు రేడియో పెట్టినప్పుడంతా నా టీవీలో బొమ్మ పోతాంది."

"నిన్న నేను డ్యూటీల ఉన్న భాయ్. రేడియో బందే ఉండె."

"బందున్నా దాని ప్రభావం యాడికి పోతాదప్పా? మా రాబియాకు తలనొప్పి గూడా దాన్నుంచే."

భార్య తలనొప్పి దాకా వచ్చాక ఇక వాదనేముంది? బుర్హానుద్దీన్ వెళ్ళి, విల్లా చూసుకునే తౌఫీక్ చెవిన వేశాడు. తౌఫీక్‌కు రేడియో తెలియదు, టీవీ పట్టదు, గొడవంటే మాత్రం గిట్టదు. "ఖలాస్! దించెయ్," అన్నాడు.

తిరుమల్ దించేశాడు. కింద వాకిట్లో తాడు పట్టింది బుర్హానుద్దీనే. "జాగ్రత్తప్పా, దెబ్బ తగలనీయద్దు" అంటూ కన్నబిడ్డను దించినట్టు దించాడు. ఆ ఎవరిదో డిష్‌ను తిరుమల్ మర్యాదగా విప్పి గోడకు ఆనించాడు.

సాయంత్రం ఫైనల్ మ్యాచ్. టాస్ వేయకముందే బుర్హానుద్దీన్ టీవీ పూర్తిగా నల్లబడింది.

డిష్‌వాడిని పిలిస్తే సంగతి బయటపడింది. బుర్హానుద్దీన్ డిష్‌కున్న పాత స్టాండు తుప్పు పట్టి విరిగిందట. గట్టి స్తంభం కనబడితే ఎవరినీ అడగకుండా దానికి కట్టేశాడట. గాలికి స్తంభం ఊగినప్పుడల్లా డిష్ ఊగింది, బొమ్మ పోయింది. అంటే ఫిర్యాదు నిజమే, కారణమే వేరు.

బుర్హానుద్దీన్ మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ మెట్లెక్కాడు.

"మళ్ళీ నిలబెట్టప్పా," అన్నాడు తిరుమల్‌తో. "తౌఫీక్‌తో నేను మాట్లాడతా."

మాట్లాడాడు. టవర్ లేకపోతే విల్లాకే అందం లేదన్నాడు. రాబియా తలనొప్పి ఊసే ఎత్తలేదు. డిష్‌కు కొత్త స్టాండు వచ్చింది, స్తంభం మళ్ళీ లేచింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ ఫిన్లాండువాడు ఎలా పలుకుతాడో చూద్దామని బుర్హానుద్దీన్ ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. ఇక రోజూ రావడమే. "వాళ్ళకు క్రికెట్ తెలుసునేమో అడుగప్పా," అని ఆ గొంతు మీద తన గొంతు వేసేవాడు.

"కొట్లాట ఉన్నప్పుడే నయముండె. కిందనే ఉండెటోడు," అంది మమత.

తిరుమల్ ఉపాయం ఆలోచించి, లైసెన్సు పరీక్ష పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. చదువుకుంటూ ఇంట్లోనే ఉంటాడనుకున్నాడు. బుర్హానుద్దీన్ నిజంగానే చదివాడు. పూటపూటా సందేహాలు తీర్చుకోవడానికి మెట్లెక్కాడు, పాసయ్యాడు, విల్లా అంతా మిఠాయి పంచాడు.

ఇప్పుడు డాబా తూర్పు మూలన ఇంకాస్త ఎత్తు స్తంభం వేస్తానని తౌఫీక్ చుట్టూ తిరుగుతున్నాడు. అది లేచి, పక్కనే బుర్హానుద్దీన్ గొంతు మోగుతుంటే తన రేడియోలో ఫిన్లాండు వినిపిస్తుందా అని తిరుమల్‌కు దిగులు. ఫిర్యాదు చేయాలంటే సిగ్గు.