కొసరు గాలి

గడ్డం గీసుకునే కుంచెను సబ్బు నురగలో ముంచి, ఫక్రుద్దీన్ అంబాసిడర్ బానెట్ కింద తల దూర్చాడు. ఏసీ గొట్టం పొడవునా, ఒక్కో నట్టు దగ్గరా ఆగి, పసిబిడ్డ చెంపకు పౌడరు రాసినట్టు నురగ రాస్తున్నాడు. గ్యాసు కారుతున్న చోట బుడగ లేవాలి. ఎక్కడా లేవలేదు. మే నెల ఎండకు నురగ మాత్రం రాసింది రాసినట్టే ఆరిపోతోంది.

"ఇంకా దొరకలేదా అన్నా?" షెడ్డు నీడలో బీడీ కాలుస్తూ తిప్పేస్వామి అడిగాడు. టాక్సీ అతనిదే. "ఉన్న గ్యాసు కొట్టెయ్ రాదా. సాయంత్రానికి నేను ధర్మవరంలో ఉండాల. చీరల షావుకారు హనుమంతప్ప కాసుకోనుంటాడు."

"కారేది యాడో తెలీకుండా గ్యాసు కొట్టేది నా చేత కాదప్పా."

హిందూపురంలో ఏసీ ఉన్న కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటికి గ్యాసు నింపగలిగినవాడు ఫక్రుద్దీన్ ఒక్కడే. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఫ్రిజ్‌ల షాపులో పని నేర్చుకున్నాడు. అప్పుడే ఒకసారి గ్యాసు చిమ్మి కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోయాయి. అందుకే చలి ఎంత వస్తోందో చేత్తో చూడడు. కిటికీలోంచి వంగి, ఏసీ గాలికి చెంప ఆనిస్తాడు. కొత్తవాళ్లు చూస్తే కారును ముద్దు పెట్టుకుంటున్నాడేమో అనుకుంటారు.

ఇక ఈ ఊరివాళ్ల సంగతి చెప్పాలి. వీళ్లకు చింతపండు కొన్నా, పాలు పోయించుకున్నా కొసరు పడాలి. గ్యాసుకూ అంతే. "ఇంకొంచెం వెయ్ సాయిబూ, నీ సొమ్మేం పోతుంది?" అని బతిమాలతారు. గ్యాసు ఎక్కువైతే చలి తగ్గుతుందనీ, కంప్రెసర్ పాడవుతుందనీ మొదట్లో ఫక్రుద్దీన్ ఓపిగ్గా చెప్పి చూశాడు. ఎవరూ నమ్మలేదు. ముఖాలు ముడుచుకుని వెళ్లేవాళ్లు. చివరికి భార్య రోషన్‌బీయే ఉపాయం చెప్పింది. ఒక ఖాళీ బుడ్డి సిలిండరులో టైర్ల షాపు గాలి పట్టించి ఉంచాడు. పని అయ్యాక దాన్ని బానెట్ కిందికి తీసుకెళ్లి, ఏ గొట్టానికీ తగిలించకుండానే మర తిప్పుతాడు. సుయ్‌మని చప్పుడవుతుంది. "ఇదో, నీ కొసరు," అంటాడు. అవతలి మనిషి ముఖం వెలిగిపోతుంది. కంప్రెసరూ బతికిపోతుంది.

ఆ ఉపాయం చెప్పిన రోషన్‌బీ ఇప్పుడు షెడ్డు వెనక రేకుల ఇంట్లో, గోడకు చేరగిలబడి, తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. విసనకర్ర చుట్టూ తనే ఎర్రగుడ్డ అంచు కుట్టుకుంది. ఉగాది ముందు నుంచీ ఆమెకు ఊపిరి ఆడటం లేదు. గుండె ఉబ్బిందనీ, చేసేదేమీ లేదనీ, ఎండ తగలనీయవద్దనీ డాక్టరు చెప్పాడు. రేకుల కింద బతికేవాళ్లకు ఎండ తగలకుండా ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు.

"ఊరందరికీ చలి పంచుతావు. నాకు మాత్రం ఈ ఆకు," అని ఆమె నవ్వేది. నిజమే. గిరాకీ కారులో ఇంటివాళ్లను కూర్చోబెట్టకూడదన్నది ఫక్రుద్దీన్ పట్టుదల. ఆ పట్టుదల ఈ పొద్దున విరిగింది. రిపేరీ అయ్యాక కారు నడిపి చూసే ట్రయల్‌కు రోషన్‌బీని ఎక్కించుకోవచ్చునా అని తిప్పేస్వామిని అడిగాడు. "దీనికి గూడా అడగాల్నా?" అన్నాడు తిప్పేస్వామి.

కానీ సిలిండరులో ఉన్నది ఒక్క కారుకు సరిపడే గ్యాసే. బెంగళూరు నుంచి మళ్లీ వచ్చేది వచ్చే వారం. లీకు దొరక్కపోతే అది కాస్తా గాలికి పోతుంది. వచ్చే వారం దాకా ఆమె లేచి కూర్చోగలదో లేదో ఫక్రుద్దీన్ ఆలోచించదలుచుకోలేదు.

కుంచె పక్కన పెట్టి, నేల మీద పడుకుని కారు ముందు భాగం కిందికి జరిగాడు. గ్యాసు పోయేచోట నూనె కూడా చెమర్చి, దుమ్ము అంటుకుంటుంది. చూస్తే, గ్రిల్లు వెనక అట్టడుగు నట్టు దగ్గర నల్లగా దుమ్ముముద్ద. దాన్ని తుడిచి నురగ పెట్టగానే చిన్న బుడగ లేచింది.

"దొరికిండాది!" కింది నుంచే అరిచాడు.

అరిగిన వాషర్ మార్చి, పాత ఫ్రిజ్ మోటారుతో గొట్టాల్లో గాలంతా లాగేశాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి గ్యాసు వదిలాడు. గొట్టంలో గ్యాసు పారేది కనిపించే గాజు బిళ్లలో నురగ పరుగులు తీసి, పలచబడి, తేటపడింది. అక్కడితో ఆపేశాడు. లోపలికి వంగి చెంప ఆనించాడు. చల్లగా ఉంది. తిప్పేస్వామి వైపు తిరిగి, అలవాటు ప్రకారం బుడ్డి సిలిండరును సుయ్‌మనిపించాడు.

రోషన్‌బీ ఉతికిన చీర కట్టుకుని, విసనకర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది.

"ఏసీ కారులో అది ఎందుకే?"

"నీ రిపేరీ మీద నమ్మకం లేక."

వెనక సీటులో ఇద్దరూ కూర్చున్నారు. అద్దాలు మూసుకున్నాయి. బజారు చప్పుడు దూరమైంది. ఆమె కళ్లు మూసుకుంది. కొంతసేపటికి ఎగశ్వాస నెమ్మదించింది. నుదుటి మీద చెమట ఆరింది. విసనకర్ర వెనక అద్దం కింది పలక మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

ట్రయల్ ఎప్పుడూ రైల్వే గేటు దాకానే. గేటు దగ్గర తిప్పేస్వామి కారు తిప్పబోయాడు.

"అంతేనా?" రోషన్‌బీ కళ్లు తెరవకుండానే అంది. "కొసరు లేదా?"

తిప్పేస్వామి స్టీరింగు నేరుగా చేశాడు. "ఉండాది వదినా. పెనుకొండ కొండ కనపడేదంక ఉండాది."

ఆమె భర్త భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. ఫక్రుద్దీన్ భుజం కదపలేదు. ఊరి కార్లన్నిటికీ ఇన్నేళ్లు నింపిన చలి ఈ కాసేపటి కోసమే నింపినట్టనిపించి, అతని కళ్లు నిండాయి. పెనుకొండ కొండ కనపడినా తిప్పేస్వామి వెంటనే తిప్పలేదు. ఆ సాయంత్రం అతను ధర్మవరంలో షావుకారు చేత బాగానే తిట్లు తిన్నాడు.

తొలకరికి ముందే, ఒక తెల్లవారుజామున, రోషన్‌బీ నిద్రలోనే వెళ్లిపోయింది.

మరుసటి వేసవికి తిప్పేస్వామి మళ్లీ వచ్చాడు. ఫక్రుద్దీన్ గాజు బిళ్ల చూశాడు. తేటగా ఉంది.

"గ్యాసు తగ్గనే లేదప్పా. ఏం పని లేదు."

"తెలుసు. కొసరు కోసం వచ్చినా."

"అది ఉత్త గాలి, తిప్పేస్వామీ." ఆ మాట ఫక్రుద్దీన్ ఒక గిరాకీకి చెప్పడం అదే మొదలు.

"అదీ ఎప్పట్నుంచో తెలుసన్నా. ఆ సద్దు ఇంటే మనసుకు సల్లగుంటాది. కొట్టు."

ఫక్రుద్దీన్ బుడ్డి సిలిండరు తెచ్చి తిప్పాడు. సుయ్‌మంది. తర్వాత కిటికీలోంచి వంగి చెంప ఆనించబోయి, వెనక సీటు వైపు చూసి ఆగిపోయాడు.

"ఇచ్చేద్దామని శానాసార్లు అనుకున్యా," తిప్పేస్వామి నేల చూస్తూ అన్నాడు. "తీసేకి చెయ్యి రాలే."

"ఉండనీ," అన్నాడు ఫక్రుద్దీన్.

వెనక అద్దం కింద, ఆమె పెట్టిన చోటనే తాటాకు విసనకర్ర ఉంది. చల్లగాలికి దాని ఎర్రగుడ్డ అంచు మెల్లగా కదులుతోంది.