సగమే పడిన గేరు

నేను ఒక మోటారుసైకిల్‌ని. నన్ను బిగించిన చేతులు నాకు గుర్తులేవు కానీ, మొదటి యజమాని గురుమూర్తి బాగా గుర్తున్నాడు. పాలవ్యాపారి, ఎప్పుడూ తొందరే. క్లచ్ పూర్తిగా పట్టకుండానే గేరు మార్చేవాడు. నేను కీచుమంటే మొండి బండి అనేవాడు. చివరికి ఆ పేరుతోనే కిల్లో సుమిత్ర అనే ఆమెకు అమ్మేశాడు.

సుమిత్ర అనంతగిరి కొండల్లో నర్సు. టీకాల పెట్టె నా వెనక కట్టుకుని కొండమీది ఊళ్లకు వెళ్లేది. వానాకాలం వచ్చేసరికి నా గేర్లు బిగుసుకుపోయాయి. ఒకటి నుంచి రెండుకు ఎత్తితే సగంలో న్యూట్రల్‌లోనే ఆగిపోయేవి. ఒకరోజు నిట్టనిలువు దారిలో అలాగే జరిగింది. ఇంజను ఊరికే అరిచింది, నేను వెనక్కి జారాను. సుమిత్ర రెండు కాళ్లూ నేలకు తన్నిపట్టి, లోయ అంచున ఎలాగో నన్ను ఆపింది. ఆ తర్వాత నన్ను నెమ్మదిగా తిప్పుకుని కిందికి దిగిపోయింది. ఆ వేళ పై ఊరిలో పిల్లలకు టీకాలు పడలేదు.

మెయిన్ రోడ్డు మీది మెకానిక్ నన్ను ముట్టుకోకుండానే గేరుబాక్సు పోయిందన్నాడు, పాత ఇనుముకు ఇచ్చేయమన్నాడు. సుమిత్ర ఒప్పుకోలేదు. శృంగవరపుకోటలో ఎర్నాయుడు అనే ముసలి మెకానిక్ దగ్గరికి నన్ను తీసుకెళ్లింది.

మొదట ఆయన నా ఒంటిమీద ఒక్క బోల్టు కూడా విప్పలేదు. సుమిత్రనే ఎక్కమని, గేరు మార్చమని, పక్కన కూర్చుని ఆమె పాదం కేసి చూశాడు.

"బండికేటీ అవలేదమ్మా. క్లచ్ వైరు సాగిపోనాది, అందుకే గేరు గట్టిగున్నాది. రెండోది, ఈ వానబూటు లావు. నీ కాలు గేరు కింద సగమే దూరతంది. సగం ఎత్తితే సగమే పడతాది."

"అయితే తప్పు నాదేనా, బాబాయ్?"

"ఎవులిదీ కాదు. కాలికి తగ్గట్టు గేరు పెట్టుకోవాల."

వైరు బిగించి, గేరు లివరు ఊడదీసి, అది కూర్చునే పళ్లలో ఒక పన్ను పైకి జరిపి, బూటు పూర్తిగా దూరేలా పెట్టాడు. నల్లబడిన ఆయిల్ మార్చాడు. అంతే. ఇన్నేళ్లలో నన్ను తిట్టకుండా చూసిన మొదటి మెకానిక్ ఆయన. నమస్కారం పెట్టడానికి నాకు చేతులు లేవు, అందుకని మెత్తగా రెండో గేరులో పడ్డాను.

మర్నాడే సుమిత్ర మళ్లీ కొండెక్కింది. ఎత్తు దగ్గర ఊపిరి బిగబట్టి గేరు మార్చింది. నేను జారలేదు. పై ఊరిలో పదకొండు మంది పిల్లలు సూది నొప్పికి గుక్కపట్టి ఏడ్చారు. పనసచెట్టు నీడన, వేడెక్కిన ఇంజను చల్లారుతూ ఉండగా, ఆ ఏడుపులన్నీ నేను తృప్తిగా విన్నాను.