బట్టల క్లిప్పుల పాఠం

దండెం మీది తడిచొక్కాకున్న క్లిప్పులు కూడా పీకి సంచిలో వేసుకుంటుంటే భర్త లోపలినుంచి కేకేశాడు.

"ఏమేవ్, నా చొక్కా ఎగిరి పక్కింట్లో పడితే నువ్వే వెళ్ళి తేవాలి మరి!"

"పక్కింటావిడ ఇస్త్రీ చేసి పంపుతుందిలెండి," అంది గ్రామర్ మేడమ్, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. ఊరంతా ఆమెనలాగే పిలుస్తుంది.

కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు వ్యాకరణం చెబుతుందామె. కంజంక్షన్ల పాఠమంటే ప్రాణం. నల్లబల్ల ముందు తాడు కట్టి, పిల్లలు రాసిన వాక్యాల అట్టముక్కలు రెండింటిని నడుమ ఖాళీ వదిలి క్లిప్పులతో తగిలిస్తుంది. అండ్, బట్, బికాజ్, ఆల్దో... ఏ మాటతో కలపాలో పిల్లలే తేల్చాలి. "ఎందుకూ?" అని అడిగి చేతులు కట్టుకు నిలబడుతుంది. ఎవరో ఒకరు నోరు విప్పేదాకా కదలదు.

నిన్న ఒక పిల్ల 'నాకు ఆకలిగా ఉంది', 'అమ్మ నిద్రపోతోంది' అని ఇంగ్లీషులో రాసి, నడుమ 'బట్' పెట్టింది.

"అండ్ అయినా సరిపోతుంది కదమ్మా?"

"లేదు మేడమ్. అమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చింది. లేపకూడదు."

మేడమ్‌ ఆ 'బట్'ని తనే క్లిప్పుతో బిగించింది.

ఈ వారమంతా తరగతి అయ్యాక ఒక్కో పాఠం కెమెరాకి చెబుతోంది. బాగా వస్తే పర్మనెంటు చేసే సంగతి చూస్తానన్నాడు సెంటర్ డైరెక్టరు. ఇవాళ చివరిది, కంజంక్షన్లు. అందుకే మంచి చీర కట్టుకుంది. ఆ పిల్ల అట్టలే తగిలించి, ఖాళీ బెంచీలకు మనసుపెట్టి చెప్పింది. అలవాటు కొద్దీ "ఎందుకూ?" అని ఆగింది.

"మధ్యలో ఆగకండి మేడమ్. మళ్ళీ కట్ చెయ్యాలి," అన్నాడు కెమెరా అతను.

"ఆగకపోతే పిల్లలెప్పుడు ఆలోచిస్తారు బాబూ?"

అతను చెయ్యి ఊపి, కానివ్వమన్నాడు. పాఠమయ్యాక ఆమె నడిమి నీలం క్లిప్పు నుంచి 'బట్' అట్ట తీసి సంచిలో పెట్టుకుంది. మిగతావి రేపటి తరగతికి ఉంటాయని తాడుకే వదిలేసింది.

సాయంత్రం డైరెక్టరు పిలిచి టీ ఇప్పించాడు. ఎన్నడూ లేని మర్యాద. అప్పుడే అనుమానించాల్సింది.

"అదరగొట్టేశారు మేడమ్! ఇంత బాగా వచ్చాక ఇంక క్లాసులో మనిషెందుకు చెప్పండి? టీవీ పెడితే చాలు. రేపట్నుంచి హాయిగా రెస్ట్ తీసుకోండి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెడగొట్టి చెప్పినా బాగుండేదే, కానీ అది చేతకాలేదు. నోట్లోంచి మాత్రం "సరే సార్" అనే వచ్చింది. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వరండాలో నడుస్తుంటే కంప్యూటర్ గదిలోంచి తన గొంతే వినబడింది. "ఎందుకూ?" అని అడిగి, ఊపిరైనా తీసుకోకుండా జవాబు చెప్పేస్తోంది. ఆగిన చోట్లన్నీ తీసేశారు.

ఇంట్లో భర్త అడిగాడు. "క్లిప్పులేవే?"

"అక్కడే ఉండిపోయాయండి."

"రేపు తెస్తావుగా?"

ఆమె మరో తడి చొక్కాను దండెం మీద వేసి, గాలికి ఎగరకుండా అంచు పట్టుకుని నిలబడింది.

తాళం పడ్డ తరగతి గదిలో తాడుకి ఆ పిల్ల ఆకలి ఒకవైపు, వాళ్ళమ్మ నిద్ర ఒకవైపు వేలాడుతున్నాయి, నడుమ ఒక ఖాళీ నీలం క్లిప్పు.