బరువు తగ్గిన బండి

మా బావ ఒకప్పుడు ఎంత బరువైన మోటార్‌సైకిలునైనా ఒంటిచేత్తో స్టాండు వేసేవాడు. గొప్ప కోసమే వేసేవాడు, అందులో అనుమానం లేదు. ఇంటి పక్కనున్న తన మెకానిక్ షెడ్డుకి కొత్తవాళ్ళెవరైనా వస్తే చాలు, రెండో చేతిలో టీ గ్లాసు పట్టుకుని మరీ వేసేవాడు. అలాంటి మనిషి ఒక ఉదయం తన సొంత బండిని స్టాండు మీంచి దించబోయి, దానితోపాటే ఒరిగిపోయి, గోడకీ బండికీ మధ్య ఇరుక్కున్నాడు. అక్క కేకేస్తే పక్కవీధిలోంచి పరుగెత్తుకొచ్చి లేపాను. లేచాక నా మొహం చూడకుండా, "టైర్లో గాలి లేదురా" అన్నాడు. గాలి నిండుగా ఉంది.

అప్పటికే చొక్కా గుండీలు అక్క పెడుతోంది. స్పానరు చేతిలోంచి జారిపోతోందని బేరాలు వేరే షెడ్డుకి పంపేస్తున్నాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, నరాలు ఒక్కొక్కటే పని మానేస్తున్నాయనీ, దీనికి మందు లేదనీ, ఉన్న బలాన్ని జాగ్రత్తగా వాడుకోమనీ డాక్టరు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. బలమేమైనా డబ్బాలో పోసుకున్న పప్పా, జాగ్రత్తగా వాడుకోడానికి? అడిగేసేవాణ్ణే, అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

బావ ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా షెడ్డులోకెళ్ళి, బండి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"నా బలం పెంచడం వాళ్ళ వల్ల కాదట. దీని బరువు తగ్గించడం మన వల్ల అవుతుందిగా?"

"నేను గేట్లు చేసేవాణ్ణి బావా. నాకేం తెలుసు బళ్ళ గురించి?"

"బుర్ర నాది, చేతులు నీవి. నీకెలాగూ మొదటిది లేదు, నాకిప్పుడు రెండోవి లేవు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు."

నవ్వాను. నవ్వుతూనే ఒప్పేసుకున్నాను. మళ్ళీ ఒక్కసారి ఆ బండిని తనే దించి, తనే ఎక్కి, వీధి చివరిదాకా తనే నడపాలి. ఆయన అడిగిందల్లా అంతే. కాదనడానికి నాకు నోరెలా వస్తుంది?

అది పాతకాలపు ఇనుప బండి. ఊళ్ళో అందరి బళ్ళకీ ఏదో ఒకటి మార్చిన మనిషి, దీన్ని మాత్రం కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంచాడు. ఇప్పుడు దాన్నే విప్పమంటున్నాడు. పాత సామాన్లవాడి దగ్గర్నుంచి వేలాడే కాటా ఒకటి తెప్పించి, షెడ్డు దూలానికి కట్టించాడు. నేను విప్పిన ప్రతి వస్తువునూ దాని కొక్కేనికి తగిలించాలి. ముల్లు ఎక్కడ ఆగిందో బావ చూసి తలూపాలి. ఆ తర్వాతే అది గోనెసంచిలోకి.

ముందు క్రాష్ గార్డు పోయింది. తర్వాత ఇనుప మడ్‌గార్డులు, పక్క డబ్బాలు, గొలుసు మీది రేకు, సెంటర్ స్టాండు. పెద్ద సైలెన్సరు తీసి పొట్టి గొట్టం పెట్టాం. పెద్ద బ్యాటరీ పోయి అరచేతిలో పట్టేది వచ్చింది. ముల్లు కిందికి దిగిన ప్రతిసారీ బావ మొహం వెలిగేది. "చూశావా, ఎంత చెత్త మోశాన్రా ఇన్నాళ్ళూ!" అనేవాడు. నాకూ ఉత్సాహం పట్టుకుంది. గేట్ల పని మానేసి మరీ వచ్చేవాణ్ణి. ఇనుము ఎక్కడ ఎక్కువుంటే అక్కడ గ్రైండరు పెట్టడం, అంచులు నున్నగా అరగదీయడం, అల్యూమినియం రేకు వంచి చిన్న మడ్‌గార్డు చేయడం. మా ఇద్దరికీ ఆ కాటా తప్ప ఇంకేమీ కనబడలేదు.

గొడవ వెనక సీటు దగ్గర వచ్చింది. సీటు విప్పడమే కాదు, దాన్ని మోసే చాసిస్ తోకను కూడా కోసేయమన్నాడు బావ. గ్రైండరు చప్పుడు విని అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అది ఆవిడ చోటు. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి బావ భుజం మీద వేసి కూర్చునేది.

"నన్నూ కోసేస్తున్నారన్నమాట" అంది.

"అన్నిటికంటే నువ్వే బరువు మరి" అన్నాడు బావ.

"మీరు కట్టుకున్నప్పుడు కాటా లేదు కాబోలు."

అందరం నవ్వాం. ఆవిడ లోపలికెళ్ళిపోయింది. నేను కోసేశాను. కోసిన ముక్కను తగిలిస్తే ముల్లు బాగా దిగింది. బావ తలూపాడు, కానీ ఆసారి మొహం వెలగలేదు.

పనంతా అయ్యేసరికి బండి గుర్తుపట్టలేనట్టుంది. సన్నటి ఒంటి సీటు, బోసి చక్రాలు, ఎముకలన్నీ బయటికి కనిపిస్తున్న ఒళ్ళు. కానీ అందంగా ఉంది, నిజం చెప్పొద్దూ. ముందూ వెనకా చక్రాలెత్తి చూస్తే నా చేతికి ఆటబొమ్మలా అనిపించింది. కొత్త క్లచ్ కేబుల్ వేసి, లివరు నొక్కి చూశాను. వెన్నలా నొక్కుకుంది. "పర్‌ఫెక్ట్ బావా" అన్నాను. రోజంతా ఇనుము వంచే చేతులు నావి. ఆ చేతులతో నొక్కి చూశాను.

సెలవురోజు పొద్దున్నే బావ తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగించుకుని వచ్చాడు. నన్ను దూరంగా నిలబడమన్నాడు. హ్యాండిల్ పట్టుకుని, తుంటితో ఆనించి, బండిని సైడ్ స్టాండు మీంచి నిటారుగా లేపాడు. లేచింది! పడలేదు, ఒరగలేదు. అక్క గుమ్మంలోంచి చప్పట్లు కొట్టింది. బావ కాలు తిప్పి ఎక్కి కూర్చున్నాడు.

కిక్కు నేను కొట్టాను. ఇంజను అందుకుంది. బావ కుడిచేత్తో రేజు చేశాడు. గేరు వెయ్యడానికి ఎడమచేతి వేళ్ళు క్లచ్ లివరు మీద వేశాడు.

వేళ్ళు వంగలేదు.

మళ్ళీ ప్రయత్నించాడు. దవడ బిగిసింది, మెడ నరం లేచింది, లివరు మాత్రం కదల్లేదు. మేం బండిలోంచి ఇనుమంతా తీసేశాం. ఆ లివరు వెనకున్న స్ప్రింగుల బిగువు ఏ కాటాకీ ఎక్కదు.

"కేబుల్ బిగుసుకుందిరా. నూనె వెయ్యి."

కేబుల్ కొత్తది. నూనె వేశాను.

"ఇంకొంచెం."

వేశాను. నూనె కారి నేల మీద పడుతోంది. మళ్ళీ నొక్కాడు. కాలేదు. ఇంజను మాత్రం పాపం మాకేమీ పట్టనట్టు ఆడుతోంది.

"పొడుగు లివరు పెడదాం బావా. తేలిగ్గా వస్తుంది" అన్నాను.

"అదీ వేళ్ళతోనే నొక్కాలి కదరా" అన్నాడు. ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

అక్క దగ్గరికొచ్చింది. ఆయన ఎడమచేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది. లివరు నొక్కుకుపోయింది, అంత సులువుగా. బావ కాలితో గేరు వేశాడు. ఇద్దరూ కలిసి మెల్లగా వదిలారు. బండి రెండడుగులు ముందుకురికింది, అక్క దాంతో పాటు పరుగెత్తలేక చెయ్యి జారింది, ఇంజను కొట్టుకుని ఆగిపోయింది. నేను అడ్డంపడి పట్టుకున్నాను.

ఆయాసపడుతూ అక్క బండి వెనకవైపు చూసింది. చూసి, ఉండబట్టలేక అనేసింది.

"సీటుంటే కూర్చుని పట్టేదాన్ని కదండీ."

కోసిన ముక్క గోనెసంచిలోనే ఉంది. దాన్ని అతకడం నాకెంతసేపు? ఆ మాటే అన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు.

"అతికితే నేను లేపలేను. ఇద్దరి బరువు నా కాళ్ళు ఆపలేవు. సీటుంటే నేనుండను, సీటు లేకపోతే మీ అక్క ఉండదు. ఇంక వదిలెయ్రా."

వదిలేస్తే బాగుండేది. నా వల్ల కాలేదు. గేరు తీసి, మళ్ళీ కిక్కు కొట్టాను. ఇంజను అందుకుంది.

"పట్టుకో బావా, హ్యాండిల్."

"ఏం చేస్తావ్?"

వెనక్కెళ్ళి, తోక కోసిన చోట, నేనే నున్నగా అరగదీసిన ఇనుము మీద రెండు చేతులూ ఆనించి తోశాను. బండి కదిలింది. బావకి అర్థమైంది. దిగిపోతాడనుకున్నాను. దిగలేదు. వెన్ను నిటారుగా పెట్టుకుని కుడిచేత్తో రేజు చేశాడు. అక్క పక్కనే నడుస్తూ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పాల కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒకాయన "బాగుందే బండి!" అన్నాడు. బావ తలూపాడు.

వీధి మలుపులో, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"బరువుందా?"

"లేదు బావా."

నిజమే చెప్పాను. బండీ బరువు లేదు, పైన కూర్చున్న మనిషీ బరువు లేడు. ఏడుపొస్తోంది, చేతులు ఖాళీ లేక కళ్ళు తుడుచుకోలేదు.

"మరి చెప్పానా!" అన్నాడు బావ, ఇంజను చప్పుడు మీదుగా అరిచి.