మంచులో రెండు ఈలలు

మార్చి వచ్చినా సౌదీలోని జెబెల్ లౌజ్ కొండ మీద మంచు కరగలేదు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, తన వేటకుక్కతో ముందు నడుస్తున్నాడు. వెనక కుక్కను సాకే స్వామి, డ్రైవర్ నాగేందర్.

తమ్ముడు చనిపోయినప్పుడు స్వామి ఇంటికి వెళ్తానంటే, "కుక్కను ఎవరు చూస్తారు?" అని కఫీల్ పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. ఇప్పుడు పనివాళ్ల మీద సర్కారుకు కట్టే లెవీ పెరిగిందని వచ్చే వారం స్వామిని అతనే ఇంటికి పంపేస్తున్నాడు. కుక్కను ఎలా పిలవాలో నేర్పమని పొద్దున అడిగాడు. రెండు పొట్టి ఈలలు వేయమని స్వామి చెప్పాడు. నిజానికి ఒక పొడుగు ఈలకే కుక్క వెనక్కి వస్తుంది. రెండు పొట్టి ఈలలు వింటే ముందుకు ఉరుకుతుంది.

కఫీల్ గొలుసు విప్పి, కాసేపటికి రెండు ఈలలు వేశాడు. కుక్క ఉరికింది. మళ్లీ వేశాడు. కుక్క గట్టు దాటి కనబడకుండా పోయింది.

"పిలువరాదే స్వామీ, సలికి సస్తది," అన్నాడు నాగేందర్.

"సావదు. గట్టు అవుతల గొర్లోళ్ల గుడారం ఉన్నది. పొద్దుగాల్నే సూసిన."

"మరి కఫీలు?"

"ఎదురుసూడనీ. మా తమ్ముని శవం నాకోసం రెండు దినాలు ఎదురుసూసింది."

కఫీల్ వెనక్కి తిరిగి, నువ్వు పిలువు అని బతిమాలాడు.

"నా పని అయిపోయింది కదా సాబ్," అన్నాడు స్వామి.

కఫీల్ మోకాలిలోతు మంచులోకి ఒక్కడే దిగాడు. స్వామి కదల్లేదు.